రెస్క్యూ ట్రైనింగ్‌కు వెళ్తున్నారా? బ్యాగులో ఏం పెట్టుకోవాలి, ఏం ఇంట్లోనే వదిలేయాలి

2025 జూన్ 30, సోమవారం ఉదయం. సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో భారీ పేలుడు జరిగింది. మందుల తయారీలో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడిని తయారుచేసే ఫ్యాక్టరీ అది. 54 మంది కార్మికుల ప్రాణాలు పోయాయి. వారిలో 8 మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్, హైడ్రా, అగ్నిమాపక శాఖ సిబ్బంది రోజుల తరబడి శిథిలాలు తొలగించారు. చాలా మృతదేహాలను డీఎన్‌ఏ పరీక్షలతోనే గుర్తించాల్సి వచ్చింది.

ఇంత పెద్ద ప్రమాదాన్ని కళ్లారా చూసిన ప్రాంతం మనది. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం, పాశమైలారం... ఈ ఊళ్లలో ఫ్యాక్టరీ పనికి వెళ్లే మనిషి లేని గల్లీ ఉండదు. పేలుడు శబ్దం వినగానే అటువైపు పరుగెత్తే కుర్రాళ్లు కూడా ప్రతి బస్తీలో ఉంటారు. మంచి మనసుతోనే వెళ్తారు. కానీ శిక్షణ లేకుండా వెళ్తే, కాపాడడానికి వెళ్లినవాళ్లనే మళ్లీ ఎవరో ఒకరు కాపాడాల్సిన పరిస్థితి వస్తుంది.

అందుకే శిక్షణ తీసుకోవాలి అనుకునే యువతకు దారులున్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే 'ఆపద మిత్ర' పథకంలో 18 నుంచి 40 ఏళ్ల వయసువారికి 12 రోజుల శిక్షణ ఇస్తారు. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల కోసం 'యువ ఆపద మిత్ర' ఉంది. 1968 చట్టం కింద పనిచేసే సివిల్ డిఫెన్స్ ఉంది. మన జిల్లాలో ఎప్పుడు, ఎక్కడ శిక్షణ ఉంటుందో కలెక్టర్ కార్యాలయంలోని విపత్తు నిర్వహణ విభాగంలో అడిగి తెలుసుకోవచ్చు.

పేరు నమోదు అయ్యాక ఇంట్లో మొదలయ్యే ప్రశ్న: "బేటా, ఏమేం తీసుకెళ్లాలి?" ఈ వ్యాసం దాని గురించే.

సామాను కొనే ముందు ఐదు ప్రశ్నలు

దుకాణానికి పరుగెత్తకండి. ముందు శిక్షణ ఇచ్చేవారికి ఫోన్ చేసి ఈ ఐదు విషయాలు అడగండి.

1. శిక్షణ దేని మీద? కూలిన భవనమా, వరద నీళ్లా, మంటలా, ప్రథమ చికిత్సా?
2. ఎన్ని రోజులు? రాత్రి అక్కడే ఉండాలా?
3. హెల్మెట్, బూట్లు, లైఫ్ జాకెట్ లాంటివి మీరే ఇస్తారా?
4. తాగునీరు, భోజనం ఏర్పాటు ఉందా?
5. ఏవి తీసుకురాకూడదు?

మూడో ప్రశ్న చాలా డబ్బు మిగులుస్తుంది. ఆపద మిత్ర వాలంటీర్లకు ఇచ్చే కిట్‌లోనే హెల్మెట్, సేఫ్టీ బూట్లు, కళ్లద్దాలు, గ్లౌజులు, టార్చి, విజిల్, రెయిన్‌కోటు, దోమతెర, ప్రథమ చికిత్స పెట్టె, లైఫ్ జాకెట్ లాంటివి ఉంటాయి. అవే మళ్లీ కొనుక్కుని మోయడం ఎందుకు?

ఐదో ప్రశ్న ఎక్కువమంది అడగరు. దాని సంగతి కింద చూద్దాం.

సామాను మూడు వాటాలు

ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా, అది ఎవరి కోసం అని అడగండి. నన్ను కాపాడేది ఒంటిమీద ఉండాలి. రోజంతా నేను ఎవరికీ భారం కాకుండా చూసేది బ్యాగులో ఉండాలి. ఇతరులను బయటికి లాగడానికి వాడేది టీమ్ దగ్గర ఉండాలి, శిక్షకుడి చేతి కింద. కొత్తగా వెళ్లేవాళ్లు మూడో వాటాకి చెందిన తాళ్లు, కట్టర్లు కొనేసి, మొదటి వాటాకి చెందిన బూట్లను మర్చిపోతారు.

ఒంటిమీద ఉండాల్సినవి

బూట్లు: డబ్బు ఖర్చు పెట్టాల్సి వస్తే ముందు దీనికే పెట్టండి. శిథిలాల మీద మేకులు, ఇనుప చువ్వలు, గాజు ముక్కలు పైకి పొడుచుకుని ఉంటాయి. వేళ్ల దగ్గర గట్టి క్యాప్, అడుగున మేకు దిగని పొర, చీలమండ దాకా ఎత్తు ఉన్న సేఫ్టీ బూట్లు కావాలి. ఐఎస్ 15298 ముద్ర ఉందో లేదో చూడండి. పారిశ్రామికవాడల దగ్గర ఇవి దొరుకుతాయి. ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే వాళ్లని అడిగితే మంచిది ఏదో చెబుతారు. కొత్త బూట్లతో నేరుగా ట్రైనింగ్‌కు వెళ్లొద్దు. కనీసం ఒక వారం రోజులు ఇంటి చుట్టుపక్కల వేసుకుని తిరగండి. మొదటి రోజే మడమ పొక్కిపోతే మిగతా రోజులు కూర్చుని చూడాల్సిందే.

హెల్మెట్: బైక్ హెల్మెట్ పనికిరాదు. దానిలో పక్కకు సరిగా కనిపించదు, వినిపించదు. శిథిలాల్లో సన్నటి మూలుగు కూడా వినాలి కదా. ఐఎస్ 2925 ముద్ర ఉన్న పారిశ్రామిక హెల్మెట్ తీసుకోండి. గడ్డం కింద బిగించే పట్టీ తప్పనిసరిగా ఉండాలి. వంగితే ఊడిపడే హెల్మెట్ ఉన్నా లేనట్టే. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌కు పైకి పగులు కనిపించకపోయినా మళ్లీ వాడకూడదు.

గ్లౌజులు: రెండు రకాలు కావాలి. ఇటుకలు, ఇనుము పట్టుకోవడానికి తోలు గ్లౌజులు. గాయపడినవాళ్లను తాకడానికి పల్చటి నైట్రైల్ గ్లౌజులు, నాలుగైదు జతలు. ఈ రెండూ రసాయనాల కోసం కాదు. ఒక్కో రసాయనానికి ఒక్కో రకం గ్లౌజు ఉంటుంది. అది నిర్ణయించేది శిక్షణ పొందిన బృందం.

కళ్లద్దాలు: పక్కల నుంచి కూడా దుమ్ము పోకుండా మూసుకునేవి కావాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు ఆ రోజు మామూలు కళ్లజోడు పెట్టుకుని, దాని మీద సరిపోయే గాగుల్స్ వేసుకోవడం మేలు.

బట్టలు: మందపాటి కాటన్, నిండు చేతులు, నిండు ప్యాంటు. పాలిస్టర్, నైలాన్ బట్టలు మంట దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటాయి. స్పోర్ట్స్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలా తేలిగ్గా ఉంటాయి నిజమే, కానీ ఇలాంటి చోటుకు అవి వద్దు.

విజిల్: మెడలో కాకుండా భుజం దగ్గర బ్యాగు పట్టీకి కట్టుకోండి. ఇరుక్కుపోయినప్పుడు అరిస్తే కాసేపటికి గొంతు పోతుంది, విజిల్ ఊదడానికి అంత బలం అక్కర్లేదు. అంతర్జాతీయంగా శోధన, రక్షణ బృందాలు వాడే గుర్తులు ఇవి: ఒక పొడవైన ఊత అంటే అందరూ ఆగండి, నిశ్శబ్దం. ఒక పొడుగు, ఒక పొట్టి అంటే పని మళ్లీ మొదలుపెట్టండి. మూడు పొట్టి ఊతలు మళ్లీ మళ్లీ వినిపిస్తే వెంటనే బయటికి రండి. మీ శిక్షకుడు ఏ గుర్తులు వాడతారో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

మాస్క్ గురించి పెద్ద అపోహ

మన ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. కరోనా కాలం నుంచి ఎన్‌95 మాస్క్ అందరికీ తెలుసు. అది దుమ్మును ఆపుతుంది. శిథిలాల్లో సిమెంటు దుమ్ము ఉంటుంది కాబట్టి బ్యాగులో రెండు మూడు పెట్టుకోవాలి. కానీ గ్యాస్‌ను అది ఆపదు. అమోనియా, క్లోరిన్, సాల్వెంట్ ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్... ఏదీ ఆపదు. తడి దస్తీ కట్టుకున్నా అంతే.

డబ్బాలాంటి ఫిల్టర్ ఉన్న మాస్క్ కూడా అన్ని చోట్లా పనిచేయదు. గాలిలో మామూలుగా ఆక్సిజన్ దాదాపు 20.9 శాతం ఉంటుంది. 19.5 శాతం కన్నా తగ్గితే ప్రమాదకరం అని లెక్క. మూసిన ట్యాంకులో, సంపులో, గుంతలో ఆక్సిజనే లేకపోతే ఫిల్టర్ దేన్ని వడకడుతుంది? అక్కడికి వీపుమీద సొంత గాలి సిలిండర్ ఉన్నవాళ్లే దిగాలి, అదీ గ్యాస్ మీటర్‌తో చూశాక.

వాసన రాలేదు కదా అనుకోవడం ఇంకో పొరపాటు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని మనిషి ముందుకు నడుస్తాడు.

ఇలాంటి మూసిన చోట్ల చనిపోయినవారిలో సగం కన్నా ఎక్కువమంది, లోపల పడ్డవాళ్లను కాపాడబోయినవారే అని అమెరికాలోని కార్మిక భద్రతా పరిశోధన సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ 1986లోనే హెచ్చరించింది. మన దగ్గర సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి వెనుక ఒకరు దిగి ముగ్గురు, నలుగురు చనిపోయిన వార్తలు ఎన్ని చదివాం? వాళ్లలో చాలామంది అన్నదమ్ములు, తోటి పనివాళ్లు.

కాబట్టి పిల్లలకు ఇంట్లోనే ఒక మాట స్పష్టంగా చెప్పండి. మీ బ్యాగులో ఉన్న ఏ వస్తువూ మిమ్మల్ని గ్యాస్ ఉన్న చోటుకు పంపేందుకు సరిపోదు. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, గాలికి ఎదురువైపు ఎత్తుగా ఉన్న చోటుకు జరగడం, జనాన్ని కూడా అటే పంపడం, 112కో 101కో ఫోన్ చేయడం మీ పని. గాలి దిశ తెలియడానికి బ్యాగు పైన రెండు జానల సన్నటి గుడ్డ పీలిక కట్టుకుంటే చాలు.

టార్చి, మొబైల్

రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి తలకు పెట్టుకునే టార్చి మంచిది. అదనపు బ్యాటరీలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. అయితే మండే ఆవిరి గానీ, మండే పొడి గానీ గాలిలో కలిసిన చోట మామూలు టార్చి స్విచ్, మొబైల్, లైటర్ ఏదైనా నిప్పురవ్వ పుట్టించవచ్చు. పిండి, చక్కెర, చెక్కపొడి, సెల్యులోజ్ లాంటివి కుప్పగా ఉన్నప్పుడు నెమ్మదిగా మండుతాయి. అదే పొడి మూసిన గదిలో గాలిలో తేలుతుంటే ఒక్క నిప్పురవ్వకు పేలిపోతుంది. అలాంటి చోట్లకు నిప్పురవ్వ పుట్టని ప్రత్యేకమైన టార్చిలు ఉంటాయి. అవి టీమ్ దగ్గర ఉంటాయి. 'ఇక్కడ లైటు వేయొచ్చా?' అని అడిగే అలవాటు శిక్షణలోనే రావాలి.

మొబైల్ మాత్రం బయట చాలా పనికొస్తుంది. హైదరాబాద్–ముంబై హైవే మీద రసాయనాల ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటి వెనుక, పక్కల అంకెలున్న ప్రమాద సూచిక బోర్డు ఉంటుంది. ట్యాంకర్ బోల్తా పడితే దగ్గరికి వెళ్లకుండా, దూరం నుంచి జూమ్ చేసి ఆ బోర్డు ఫొటో తీసి ఫైర్ సిబ్బందికి చెప్పండి. ఆ అంకెలను బట్టి లోపల ఏముందో వాళ్లకు తెలుస్తుంది.

బ్యాగులో పెట్టాల్సినవి

నీళ్లు: ఎండాకాలం అయితే రోజుకు మూడు నాలుగు లీటర్లు. అన్నీ మోయలేకపోతే రెండు లీటర్లు మోసి, మిగతావి ఎక్కడ నింపుకోవచ్చో ముందే తెలుసుకోండి.

ఓఆర్‌ఎస్: రెండు మూడు ప్యాకెట్లు. ఒక లీటరు నీటికి కలిపేదా, ఒక గ్లాసుకు కలిపేదా అనేది ప్యాకెట్ మీద చదివి కలపండి.

తిండి: ఖర్జూరాలు, వేయించిన పల్లీలు, బెల్లం చిక్కీ. చేతులు మురికిగా ఉన్నా కవరు పట్టుకుని తినగలిగేవి. బిర్యానీ డబ్బా పెట్టి పంపితే మధ్యాహ్నానికి ఎండలో పాడైపోతుంది అమ్మీ!

ప్రథమ చికిత్స: గాజు గుడ్డ, రోలర్ బ్యాండేజీలు, త్రికోణపు గుడ్డ, కత్తెర, టేపు. రోజూ వేసుకునే మందులుంటే ఒక రోజుకు ఎక్కువే పెట్టుకోండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, శిక్షకుడికి కూడా చెప్పాలి. కాలిన గాయాలకు ట్యూబులు కొనాల్సిన పని లేదు. చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు పోయడమే మొదటి చికిత్స. టూత్‌పేస్ట్, పసుపు, సిరా ఏదీ రాయకూడదు. కంట్లో రసాయనం పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండాలి.

ఇంకా: రెండు జతల సాక్సులు, ఒక జత బట్టలు, రెయిన్‌కోటు, దోమల మందు, చిన్న సబ్బు, చెత్త వేయడానికి కవర్లు, ముడులు ప్రాక్టీస్ చేయడానికి ఐదారు మీటర్ల తాడు.

కార్డు: పేరు, రక్తం గ్రూపు, పడని మందులు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు రెండు. లామినేషన్ చేయించి చొక్కా జేబులో పెట్టండి. మొబైల్ పగిలినా, తాళం పడినా ఈ కార్డు పనిచేస్తుంది.

అంతా సర్దాక తూకం వేయండి. 60 కిలోల మనిషికి 9, 10 కిలోలు దాటితే ఏదో తీసేయాలి. బూట్లు, నీళ్లు మాత్రం తీసేయొద్దు.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్నలు

గడ్డం ఉంటే? బిగుతుగా ఉండే మాస్క్ ముఖానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది. అంచు కింద గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. గాలి సిలిండర్ మాస్క్‌కూ ఇదే సమస్య. గడ్డం ఉన్నవాళ్లు ఈ విషయం ముందే శిక్షకుడికి చెప్పండి. తల మొత్తం కప్పే, గాలి పంపే హుడ్ రకం పరికరాలు వేరే ఉన్నాయి. అవి లేకపోతే ఆ మాస్క్ అవసరమైన పని తీసుకోకూడదు. ప్రథమ చికిత్స, స్ట్రెచర్, వైర్‌లెస్, జనాన్ని అదుపు చేయడం, కుటుంబాలతో మాట్లాడడం... బయట చేయాల్సిన పని తక్కువేమీ కాదు. చెప్పకుండా మాస్క్ తగిలించుకుని లోపలికి వెళ్లడం మాత్రం ప్రాణానికే ముప్పు.

ఆడపిల్లలు హిజాబ్‌తో వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. తలకు బిగుతుగా పట్టి ఉండే కాటన్ టోపీ రకం హిజాబ్ వేసుకుని, కొసలు చొక్కా లోపలికి దోపుకోవాలి. పిన్నులు పెట్టొద్దు, హెల్మెట్ కింద గుచ్చుకుంటాయి. మోకాళ్ల దాకా ఉండే కాటన్ కుర్తా, కింద ప్యాంటు సరిపోతాయి. నేలకు జీరాడే బుర్ఖా, వేలాడే దుపట్టా చువ్వలకు తగులుకుంటాయి, మంట అంటుకుంటుంది. గాయపడినవారిలో ఆడవాళ్లు ఉన్నప్పుడు మహిళా వాలంటీర్ల అవసరం ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

నమాజ్, రోజా? పల్చటి జానమాజ్ ఒకటి బ్యాగులో పట్టేస్తుంది. నమాజ్ టైముల గురించి మొదటి రోజే శిక్షకుడితో మాట్లాడుకుంటే మధ్యలో ఇబ్బంది ఉండదు. వజూ కోసం తాగే నీళ్లు అయిపోకుండా చూసుకోండి. రంజాన్‌లో శిక్షణ పడితే, ఎండలో బరువు మోసే పని ఉంటే, వీలైతే ఇంకో బ్యాచ్‌లో చేరండి. మస్అలా ఏదైనా ఉంటే ముందుగానే ఆలిమ్‌లను అడగండి. కళ్లు తిరుగుతున్నా చెప్పకుండా ఉండడం మాత్రం టీమ్‌కంతటికీ ప్రమాదం.

ఇంట్లోనే వదిలేయాల్సినవి

ఉంగరాలు, కడియాలు, గొలుసులు తీసేయండి. వేలు వాచితే ఉంగరం రాదు. మెడలో తావీజు దారం ఉంటే బయటికి వేలాడకుండా చూసుకోండి.

బజారులో దొరికే నైలాన్ తాడుతో మనిషిని దించే ప్రయత్నం చేయొద్దు. మనిషి బరువు మోసే తాడు వేరు, దానికి వయసు ఉంటుంది, ఎన్నిసార్లు వాడారో రాసి పెడతారు. అలాగే పెద్ద కత్తులు, గొడ్డళ్లు, కట్టర్లు, డ్రోన్లు తీసుకెళ్లొద్దు. అడగకుండా తెచ్చిన పనిముట్టు చేతిలో ఉంటే, అడగకుండా వాడాలనిపిస్తుంది.

వీడియోలు తీసే ఉత్సాహం కూడా ఇంట్లోనే వదిలేయండి. శిథిలాల కింద ఎవరి కొడుకో, ఎవరి భర్తో ఉంటారు. వాళ్లకు ఆ వార్త వాట్సాప్‌లో తెలియకూడదు.

బరువు లేని సామాను

ఒక చిన్న నోటు పుస్తకం, రెండు పెన్సిళ్లు తప్పకుండా పెట్టుకోండి. తడిసినా పెన్సిల్ రాస్తుంది.

దీని విలువ పాశమైలారంలో అర్థమైంది. అక్కడ పనిచేసినవారిలో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరి జాడ లేదు అన్న లెక్కలు రోజురోజుకూ మారాయి. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర తమవాళ్ల ఫొటోలు పట్టుకుని తిరిగాయి. వాళ్లకు తెలుగు రాదు.

మనకు రెండు భాషలూ వచ్చు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. చిన్నప్పటి నుంచి అలవాటైపోయి ఇది ఒక నైపుణ్యం అని మనకే అనిపించదు. శిథిలాల దగ్గర 'కోయీ హై? ఆవాజ్ దో' అని పిలిచి, ఆ జవాబును తెలుగులో అధికారికి చెప్పగలిగే మనిషి ఎంత విలువైనవాడో ఆలోచించండి. కుటుంబాన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, పేరు, ఊరు, వయసు, ఏ షిఫ్టు, ఏ కాంట్రాక్టర్ కింద పని, చివరిసారి ఎప్పుడు ఫోన్ చేశాడు అని ఓపికగా అడిగి రాసుకుంటే, వెతికే బృందానికి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఏ హెల్మెట్టూ అక్కర్లేని రక్షణ పని ఇది. శిక్షణకు వెళ్లినప్పుడు మీకు ఏయే భాషలు వచ్చో ఫారంలో తప్పకుండా రాయండి.

ముందు రోజు రాత్రి

అన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూడండి. టార్చి వెలుగుతోందా? హెల్మెట్ పట్టీ బిగుస్తోందా? కార్డు మీద నంబర్లు సరైనవేనా? బ్యాగు ఎవరు సర్దినా సరే, వెళ్లేవాళ్లే తమ చేతులతో లోపల పెట్టుకోవాలి. చీకట్లో చెయ్యి పెడితే ఏది ఎక్కడుందో తెలియాలి కదా.

ఎక్కడికి వెళ్తున్నారు, శిక్షకుడి నంబర్ ఏమిటి, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు అనే మూడు వివరాలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీదో, తలుపు వెనుకో అతికించి వెళ్లండి.